వాపు, బలుపు, ఆకలి: హార్మోన్ గర్భనిరోధకాల వాడుకలో శరీరబరువు మార్పులు – అవగాహన, నిర్వహణ

వ్యాససంగ్రహం:

హార్మోన్లతో కూడిన గర్భనిరోధక మాత్రలు, ఇంజక్షన్లు వాడితే "ఒళ్ళు వస్తుంది" అన్న మాట తెలుగునాట తరచుగా వినిపిస్తుంది. ఈ ఒక్క మాటలో ఒంట్లో నీరు నిలవడం, ఆకలి పెరగడం, కొవ్వు చేరడం అనే మూడు వేర్వేరు మార్పులు కలిసిపోయి ఉన్నాయి. వీటి కారణాలు వేరు, కాలవ్యవధులు వేరు, పరిష్కారాలు కూడా వేరు. మూడింటినీ విడదీసి చూసినప్పుడు భయం ఎంతవరకు నిజమో, ఏ సాధనం విషయంలో నిజమో తెలుస్తుంది. ప్రభుత్వ కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో లభిస్తున్న సాధనాలను ఆధారంగా తీసుకొని, బరువుపై వాటి ప్రభావాన్ని, ఆకలిని అదుపులో ఉంచుకొనే మార్గాలను, సాధనాన్ని మార్చుకోవలసిన సందర్భాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గర్భనిరోధకాలు, హార్మోన్లు, మాల-ఎన్, అంతర, ఆకలి, శరీరబరువు, పోషకాహారం, ఆరోగ్యభాష.

1. ఉపోద్ఘాతం:

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019-21) ప్రకారం, 15 నుండి 49 ఏళ్ళ మధ్య వయసున్న వివాహితల్లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం మంది, తెలంగాణలో సుమారు 62 శాతం మంది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద ఈ సంఖ్య సుమారు 38 శాతం. అంటే తెలుగు రాష్ట్రాల్లో గర్భనిరోధం అనగానే గుర్తుకు వచ్చేది "ఆపరేషన్". మాత్రలు, ఇంజక్షన్లు వాడి చూసిన అనుభవంతో మాట్లాడగలిగినవారు చుట్టుపక్కల తక్కువగా ఉంటారు. అనుభవం తక్కువైన చోట వదంతికి బలం ఎక్కువ.

తొలి కాన్పును కొంతకాలం వాయిదా వేయాలనుకొనే కొత్త దంపతులకు, ఇద్దరు బిడ్డల మధ్య ఎడం కోరుకొనే తల్లులకు ఆపరేషన్ పనికిరాదు. వారికి తాత్కాలిక సాధనాలే దారి. ఆ దారిలో ఎదురయ్యే భయాల్లో బరువు ముఖ్యమైనది. మాత్ర వేసుకుంటున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు గాని, ఒళ్ళు వచ్చిన సంగతి అందరికీ కనిపిస్తుంది, అందరూ ఏదో ఒకటి అంటారు. ఆ మాట పడలేక వైద్యులను సంప్రదించకుండా మాత్ర మానివేయడం, తర్వాతి ఇంజక్షన్‌కు వెళ్ళకపోవడం జరుగుతుంది. వేరే సాధనం మొదలుపెట్టకుండా ఇలా మానినప్పుడు అనుకోని గర్భం, దాని వెంట వచ్చే నిర్ణయాల భారం ఆ స్త్రీ మీదే పడతాయి. కాబట్టి ఈ భయాన్ని కొట్టిపారేయడం గాని, పూర్తిగా నమ్మడం గాని సరికాదు. దాన్ని విడమరచి చూడాలి.

2. 'ఒళ్ళు రావడం' – ఒక మాటలో మూడు మార్పులు:

శరీరం పెరగడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. ఒళ్ళు రావడం, ఒళ్ళు చేయడం, లావెక్కడం, ఉబ్బడం, నీరు పట్టడం మొదలైనవన్నీ వాడుకలో ఉన్నాయి. 'లావు' అన్న మాటకు పాత తెలుగులో బలం అనే అర్థం ఉంది. 'బలుపు' కూడా పుష్టిని చెప్పే మాటే. తిండికి కరువున్న కాలంలో ఒళ్ళు చేయడం మెచ్చుకోలు. నేడు అదే మాట ఎత్తిపొడుపుగా మారింది. ఈ మార్పు వల్ల బరువు గురించి మాట్లాడడమే ఇబ్బందికరమైన విషయమైంది.

ఈ సందర్భంలో తెలుగువారి సామెత ఒకటి వైద్యపరంగానూ ఉపకరిస్తుంది. "వాపును చూసి బలుపు అనుకున్నట్లు" అంటారు. వాపు వేరు, బలుపు వేరు అన్న ఎరుక భాషలోనే ఉంది. గర్భనిరోధకాల విషయంలో దీనికి ఆకలిని కూడా చేర్చి మూడు మార్పులుగా చూడాలి.

వాపు: ఒంట్లో ఉప్పు, నీరు నిలవడం వల్ల వచ్చే బరువు. ఇది రోజుల్లో వస్తుంది, రోజుల్లో పోతుంది. సాధారణంగా అర కిలో నుండి కిలో వరకు, కొందరిలో మరికొంత ఎక్కువగా ఉంటుంది. నెలసరికి ముందు ఏ మందూ వాడని స్త్రీలలోనూ ఇది కనిపిస్తుంది.

ఆకలి: ఇది బరువు కాదు, బరువుకు దారితీయగల కోరిక. ముందటి కంటే త్వరగా ఆకలి వేయడం, తిన్నా తృప్తి కలగకపోవడం, వేళ కాని వేళ ఏదో ఒకటి తినాలనిపించడం దీని రూపాలు.

బలుపు: నెలల తరబడి తిన్నదానికీ ఖర్చయినదానికీ మధ్య తేడా పేరుకొని కొవ్వుగా మారడం. ఇది మెల్లగా వస్తుంది, మెల్లగానే పోతుంది.

గర్భనిరోధకం మొదలుపెట్టిన రెండో వారంలో కిలో బరువు పెరిగితే అది దాదాపుగా వాపే. రెండు వారాల్లో కిలో కొవ్వు చేరాలంటే రోజూ మామూలు కంటే 500కు పైగా క్యాలరీలు అదనంగా తినాలి. ఆ తేడా తెలియనివారు తొలి నెలలోనే "ఈ మాత్ర నాకు పడలేదు" అన్న నిర్ణయానికి వస్తారు.

3. సాధనాలు – వాటిలోని హార్మోన్లు:

స్త్రీ శరీరంలో సహజంగా తయారయ్యే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను పోలిన పదార్థాలే ఈ సాధనాల్లో ఉంటాయి. అండం విడుదల కాకుండా ఆపడం, గర్భాశయ ముఖద్వారం వద్ద జిగురును చిక్కబరచడం వీటి ముఖ్యమైన పని.

3.1 మిశ్రమ మాత్రలు: ప్రభుత్వం ఉచితంగా అందించే మాల-ఎన్ మాత్రలో లెవోనార్జెస్ట్రల్ 0.15 మిల్లీగ్రాములు, ఎథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు, అంటే 30 మైక్రోగ్రాములు ఉంటాయి. 28 మాత్రల అట్టలో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. 1960లో అమెరికాలో గర్భనిరోధకంగా అనుమతి పొందిన తొలి మాత్ర ఎనోవిడ్‌లో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు ఉండేది. ఈ రెండు ఈస్ట్రోజెన్లు ఒకే పదార్థం కావు. అయినా ఆనాటి మోతాదు నేటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వికారం, ఉబ్బరం వంటి నాటి అనుభవాలను నేటి మాత్రలకు యథాతథంగా అంటగట్టడం సరికాదు.

3.2 ఇంజక్షన్: 'అంతర' పేరుతో 2017 నుండి ప్రభుత్వ కార్యక్రమంలో అందుతున్నది మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అసిటేట్ అనే ఇంజక్షన్. వైద్యులు దీన్ని డీఎంపీఏ అని వ్యవహరిస్తారు. కండరానికి ఇచ్చే 150 మిల్లీగ్రాముల మోతాదు మూడు నెలలు పనిచేస్తుంది. ఇందులో ఈస్ట్రోజెన్ ఉండదు.

3.3 హార్మోన్ లేని సాధనాలు: కాపర్-టి లో హార్మోన్ లేదు. అంతరతో పాటు ప్రవేశపెట్టిన 'ఛాయ' మాత్రలోని సెంట్‌క్రోమన్ లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన స్టిరాయిడ్ కాని మందు. దీన్ని మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికి ఒకసారి వేసుకోవాలి. బరువు విషయంలో ప్రత్యామ్నాయాలను ఆలోచించేటప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోదగినవి.

4. బరువుపై పరిశోధనలు చెబుతున్నదేమిటి?

4.1 మిశ్రమ మాత్రల విషయం: కాక్రేన్ సంస్థ 2014లో వెలువరించిన సమీక్ష మిశ్రమ గర్భనిరోధకాలకు, బరువుకు సంబంధించిన 49 ప్రయోగాలను పరిశీలించింది. వాటిలో ఉత్తుత్తి మాత్రతో గాని, ఏ మందూ వాడనివారితో గాని పోల్చిన ప్రయోగాలు నాలుగే. ఆ నాలుగింటిలో మాత్రల వల్లనే బరువు పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు. చిన్న ప్రభావాన్ని పూర్తిగా తోసిపుచ్చడానికి ఆధారాలు చాలకపోయినా, పెద్ద ప్రభావమేదీ లేదని సమీక్ష తేల్చింది.

అలాగని స్త్రీలు చెప్పేదంతా ఊహ కాదు. ఈస్ట్రోజెన్ ప్రభావంతో కాలేయం యాంజియోటెన్సినోజెన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. దాని పర్యవసానంగా మూత్రపిండాలు ఉప్పును, దానితో పాటు నీటిని కొంత పట్టి ఉంచుతాయి. రొమ్ముల్లో బరువు, చేతివేళ్ళ బిగుతు, కడుపుబ్బరం అందుకే. మాత్రలతో వచ్చేది చాలావరకు వాపు. అది రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది.

4.2 ఇంజక్షన్ విషయం: ఇక్కడ భయానికి కొంత ఆధారం ఉంది. 2009లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో డీఎంపీఏ వాడినవారి బరువు 36 నెలల్లో సగటున 5.1 కిలోలు పెరిగింది. పెరిగిన బరువులో అధికభాగం కొవ్వే. అదే అధ్యయనంలో మాత్రలు వాడినవారి బరువు హార్మోన్లు వాడనివారి కంటే ఎక్కువగా పెరగలేదు.

అయితే సగటు అందరి కథా చెప్పదు. అదే సంవత్సరం అదే పరిశోధక బృందం వెలువరించిన మరో విశ్లేషణలో, డీఎంపీఏ వాడినవారిలో సుమారు నాలుగో వంతు మందికి మొదటి ఆరు నెలల్లోనే బరువు 5 శాతానికి మించి పెరిగింది. 36 నెలలు గడిచేసరికి వీరి బరువు సగటున 11 కిలోలు పెరగగా, మిగిలిన ముప్పాతిక మంది బరువు సుమారు రెండున్నర కిలోలు మాత్రమే పెరిగింది. కనుక "ఇంజక్షన్ వేయించుకుంటే అందరికీ ఒళ్ళు వస్తుంది" అన్నదీ నిజం కాదు, "ఎవరికీ రాదు" అన్నదీ నిజం కాదు. కొందరికి ఎక్కువగా వస్తుంది. వారెవరో మొదటి ఆరు నెలల్లోనే తెలిసిపోతుంది.

ఈ ఇంజక్షన్ ఆకలిని ఎందుకు పెంచుతుందన్నది పూర్తిగా తేలలేదు. ఇందులోని ప్రొజెస్టిన్‌కు కార్టిసాల్‌ను పోలిన స్వల్ప ప్రభావం ఉండడం ఒక కారణమని భావిస్తున్నారు. దీనికి దగ్గరి బంధువైన మెజెస్ట్రాల్ అసిటేట్‌ను తీవ్రవ్యాధులతో చిక్కిపోయిన రోగులకు ఆకలి పుట్టించడానికే వాడతారు. ఇంజక్షన్ తర్వాత ఆకలి పెరిగిందన్న స్త్రీని "నోరు కట్టుకోలేదు" అని నిందించడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

4.3 కాపర్-టి తో పోలిక: దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియా, ఎస్వాటినీ దేశాల్లో ఏడువేలకు పైగా స్త్రీలతో జరిగిన ఎకో ప్రయోగం ఈ విషయంలో విలువైనది. ఎవరికి ఏ సాధనం ఇవ్వాలో అందులో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. బరువు ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 12 నుండి 18 నెలల కాలంలో డీఎంపీఏ వాడినవారు సగటున 3.5 కిలోలు, చేతి చర్మం కింద అమర్చే హార్మోన్ కడ్డీ వాడినవారు 2.4 కిలోలు, కాపర్-టి వాడినవారు 1.5 కిలోలు పెరిగారు.

హార్మోన్ ఏమాత్రం లేని కాపర్-టి వర్గంలోనూ బరువు పెరిగిందన్నది గమనించవలసిన అంశం. ఆ 1.5 కిలోలు వయసుకు, తిండికి, జీవనవిధానానికి చెందినవి. వాటిని తీసివేస్తే ఇంజక్షన్ ఖాతాలో మిగిలేది సగటున సుమారు 2 కిలోలు. పోల్చి చూడకపోతే మొత్తం 3.5 కిలోల నిందనూ ఇంజక్షన్ మోసేది.

5. నింద సాధనానిదేనా? – తోడయ్యే ఇతర కారణాలు:

గర్భనిరోధకాన్ని మొదలుపెట్టే సమయాలు సాధారణంగా జీవితం మారే సమయాలే. పెళ్ళయిన కొత్తలో వంట మారుతుంది, భోజనవేళలు మారుతాయి, విందులు ఎక్కువవుతాయి. కాన్పు తర్వాత నిద్ర తగ్గుతుంది, నడక తగ్గుతుంది, బాలింతకు ప్రత్యేకమైన ఆహారం పెడతారు. వీటి ప్రభావమంతా అదే నెలల్లో మొదలైన మాత్ర మీదికో, ఇంజక్షన్ మీదికో వెళుతుంది.

పీసీఓఎస్ ఉన్న యువతులకు నెలసరి క్రమబద్ధం కావడానికి మిశ్రమ మాత్రలు రాయడం నగరాల్లోనూ పట్టణాల్లోనూ పరిపాటి. పీసీఓఎస్‌లోనే బరువు పెరిగే స్వభావం ఉంది. థైరాయిడ్ మందగించినా బరువు పెరుగుతుంది. ఈ సందర్భాల్లో మాత్రను మానితే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

పైన చెప్పిన సర్వే ప్రకారమే ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సుమారు 36 శాతం, తెలంగాణలో సుమారు 30 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం కలవారు. హార్మోన్ సాధనాలు వాడేవారు అతి తక్కువగా ఉన్న సమాజంలో ఇంతమంది బరువు పెరిగారంటే, ప్రధానకారణాలను తిండిలోనూ శ్రమలోనూ వెతకవలసి ఉంటుంది.

6. నిర్వహణ మార్గాలు:

6.1 ముందుగా కొలత: సాధనం మొదలుపెట్టిన రోజు బరువును, బొడ్డు మీదుగా నడుము చుట్టుకొలతను కాగితం మీద రాసుకోవాలి. తొలి కొలత లేకపోతే ఆ తర్వాత చెప్పేదంతా అంచనాయే. ఆపైన నెలకొకసారి, అదే తూనికయంత్రం మీద, ఉదయం ఏమీ తినకముందు చూసుకోవాలి. నెలసరి వచ్చేవారు అది ముగిసిన వారంలో చూసుకుంటే నీటిబరువు లెక్కలో కలవదు. రోజూ తూచుకోవడం వల్ల నీటి హెచ్చుతగ్గులే కనిపించి ఆందోళన పెరుగుతుంది.

ఇంజక్షన్ వాడేవారు తొలి బరువులో 5 శాతం ఎంతో లెక్కగట్టి పక్కనే రాసుకోవాలి. 50 కిలోలవారికి అది 2.5 కిలోలు, 60 కిలోలవారికి 3 కిలోలు, 70 కిలోలవారికి 3.5 కిలోలు. ఆరు నెలల్లోపు ఈ గీత దాటితే ఆహారనియమాల మీద మాత్రమే ఆధారపడకుండా సాధనం గురించి వైద్యులతో మాట్లాడాలి.

6.2 వాపుకు ఉప్పు: రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆవకాయ, మాగాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు తెలుగు భోజనంలో ఉప్పును తెలియకుండా పెంచుతాయి. కొత్తగా మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు నెలలు వీటిని తగ్గిస్తే ఉబ్బరం తగ్గుతుంది. మంచినీళ్ళు తగ్గించవలసిన పని లేదు. వైద్యుల సలహా లేకుండా మూత్రం జారీ చేసే మాత్రలు వాడడం ప్రమాదకరం. వాటితో పోయేది నీరే గాని కొవ్వు కాదు.

6.3 ఆకలికి పళ్ళెం అమరిక: ఆకలిని పస్తుతో గెలవడం సాధ్యం కాదు. ఉదయం మానేసిన తిండి సాయంత్రం బజ్జీల బండి దగ్గర రెట్టింపవుతుంది. చేయవలసింది తిండి మానడం కాదు, ఎక్కువసేపు కడుపు నిండుగా ఉంచే తిండిని ఎంచుకోవడం. మాంసకృత్తులు, పీచు ఆ పని చేస్తాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 2,000 క్యాలరీల నమూనా పళ్ళేన్ని సూచించాయి. అందులో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉంటాయి. బియ్యం, పప్పుల కొలతలు వండకముందువి. సగటు తెలుగు భోజనంలో అన్నం ఇంతకంటే ఎక్కువ, పప్పు, కూరలు ఇంతకంటే తక్కువ. అందుకే తిన్న మూడు గంటలకే మళ్ళీ ఆకలి. శారీరకశ్రమ తక్కువగా ఉన్నవారికి, శరీరం చిన్నదైనవారికి 2,000 క్యాలరీలు కూడా ఎక్కువే కావచ్చు కనుక పరిమాణాలను తగ్గించుకోవాలి. నిష్పత్తి మాత్రం అలాగే ఉండాలి.

ఇదే సంస్థ సూచన ప్రకారం కిలో శరీరబరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో సుమారు 6 నుండి 7 గ్రాములు ఉంటాయి. ఆచరణలో కొన్ని మార్పులు తేలికైనవి:

• ఉదయం మైదాతో, ఉత్త బియ్యంపిండితో చేసిన ఫలహారాలకు బదులు పెసరట్టు, గుడ్డు, లేదా ఇడ్లీతో ఎక్కువ పప్పుచారు.
• మధ్యాహ్నం ముందుగా కూర, పప్పు వడ్డించుకొని, మిగిలిన చోటే అన్నానికి ఇవ్వడం.
• సాయంత్రం పునుగులు, బజ్జీలకు బదులు సెనగ గుగ్గిళ్ళు, వేయించిన పల్లీలు గుప్పెడు, లేదా పల్చని మజ్జిగ.
• రాత్రి భోజనం నిద్రకు రెండు మూడు గంటల ముందే ముగించడం.

పాలిచ్చే తల్లులకు మామూలు కంటే ఎక్కువ ఆహారం అవసరం. వారు బరువు భయంతో తిండి తగ్గించకూడదు.

6.4 కొవ్వుకు చిన్న లెక్క: ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి. ఇంజక్షన్ ఖాతాలో మిగిలిన 2 కిలోలను ఒక ఏడాదికి పంచితే రోజుకు 42 క్యాలరీలు. ఇది ఒక చిన్న చెంచా నూనె, లేదా రెండు చెంచాల పంచదార, లేదా ఒకటి రెండు ముద్దల అన్నం. శరీరం యంత్రం కాదు కాబట్టి ఇది కచ్చితమైన సూత్రం కాకపోయినా, దీని నుండి రెండు విషయాలు తెలుస్తాయి. పెరిగిన ఆకలి ఎంత స్వల్పమైనదంటే తినేవారికి "ఎక్కువ తింటున్నాను" అన్న స్పృహే ఉండదు. కాబట్టి "నేనేమీ ఎక్కువ తినడం లేదు" అన్న స్త్రీ అబద్ధమాడడం లేదు. రెండోది, సగటు పెరుగుదలను సరిదిద్దడానికి కఠోరమైన ఉపవాసాలు అక్కరలేదు. పూటకు రెండుసార్లు తాగే టీలో పంచదార తగ్గించినా సగం పని జరుగుతుంది.

6.5 శ్రమ, నిద్ర: వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులైనా కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం అవసరం. ఇంటిపని శ్రమే అయినా అది విడతలు విడతలుగా సాగుతుంది కనుక నడకకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు. డీఎంపీఏ వాడినంతకాలం ఎముకల సాంద్రత కొంత తగ్గి, మానిన తర్వాత చాలావరకు కోలుకుంటుంది. బరువుమోసే వ్యాయామం, పాలు, పెరుగు, రాగులు వంటి కాల్షియం గల ఆహారం ఈ విషయంలోనూ మేలు చేస్తాయి. నిద్ర తగ్గినకొద్దీ ఆకలి పెరుగుతుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో తల్లికి నిద్ర దొరకడం మిగతావారి సహకారం మీద ఆధారపడి ఉంటుంది. కనుక బరువు నిర్వహణ ఆమె ఒక్కతి బాధ్యత కాదు.

7. సాధనాన్ని మార్చుకొనే పద్ధతి:

మిశ్రమ మాత్రలతో వచ్చే ఉబ్బరానికి మూడు నెలల గడువు ఇవ్వడం సబబు. అప్పటికీ తగ్గకపోతే వేరే ప్రొజెస్టిన్ ఉన్న మాత్రకు మారే అవకాశం ఉంది. ఇంజక్షన్ విషయంలో ఆరు నెలలు, 5 శాతం అన్నవి కొలబద్దలు. వాటిని దాటినవారు కాపర్-టి, ఛాయ వంటి వాటిని వైద్యులతో చర్చించి ఎంచుకోవచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మాత్రలు మానిన వెంటనే గర్భం వచ్చే అవకాశం తిరిగి మొదలవుతుంది. కాబట్టి కొత్త సాధనం చేతికి వచ్చాకే పాతది మానాలి, లేదా ఆ మధ్యకాలంలో నిరోధ్ వాడాలి. ఇంజక్షన్ ప్రభావం ఇందుకు భిన్నం. ఒకసారి ఇచ్చిన మందును వెనక్కి తీయడం సాధ్యం కాదు. మానిన తర్వాత గర్భం రావడానికి చివరి ఇంజక్షన్ నుండి సాధారణంగా 7 నుండి 10 నెలలు పడుతుంది. అయినా ఆ ఆలస్యాన్ని నమ్ముకోకూడదు. కొందరికి అంతకు ముందే గర్భం రావచ్చు. బరువు కూడా మానిన మరునాటి నుండే తగ్గదు.

ఆశా కార్యకర్తలు, నర్సులు అడిగే ప్రశ్నల్లోనూ ఈ విభజన ప్రతిఫలించాలి. "ఒళ్ళు వచ్చిందా?" అన్న ప్రశ్నకు అవుననో కాదనో తప్ప జవాబు రాదు. "అమ్మా, గాజులు, ఉంగరం కొన్ని రోజులే బిగుస్తున్నాయా, నెలంతా బిగుస్తున్నాయా?" అంటే వాపు సంగతి తెలుస్తుంది. "జాకెట్టు మూడు నెలలుగా బిగుతుగానే ఉందా?" అంటే బలుపు సంగతి తెలుస్తుంది. "మునుపటి కంటే ముందే ఆకలి వేస్తోందా, తిన్నా తీరడం లేదా?" అంటే ఆకలి సంగతి తెలుస్తుంది. తూనికయంత్రం లేని చోట గాజులు, జాకెట్టు కూడా కొలమానాలే.

8. ఆలస్యం చేయకూడని లక్షణాలు:

వాపులన్నీ నీటివాపులు కావు. మిశ్రమ మాత్రలు వాడేవారిలో అరుదుగా రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం ఉంది. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా, వేడిగా ఉండడం, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కడుపులో భరించలేని నొప్పి ఉంటే "నీరు పట్టిందిలే" అని ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. అధిక రక్తపోటు ఉన్నవారు, 35 ఏళ్ళు దాటి పొగతాగేవారు, కాన్పయి ఆరు నెలలు నిండకుండా పాలిచ్చే తల్లులు మిశ్రమ మాత్రలు వాడకూడదు. మాత్రలు మధ్యలో మరచిపోయినవారికి బరువుతో పాటు వికారం, నెలసరి తప్పడం కనిపిస్తే ముందుగా గర్భనిర్ధారణ పరీక్ష చేయించుకోవాలి.

9. ముగింపు:

• 'ఒళ్ళు రావడం' అన్న వాడుకలో వాపు, ఆకలి, బలుపు అనే మూడు మార్పులు ఇమిడి ఉన్నాయి. ఏది వచ్చిందో తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది.
• మిశ్రమ మాత్రలు బరువును గణనీయంగా పెంచుతాయనడానికి ఆధారం లేదు. వాటితో వచ్చేది చాలావరకు తాత్కాలికమైన నీటిబరువు.
• డీఎంపీఏ ఇంజక్షన్ బరువును పెంచగలదు. ఆ ప్రభావం అందరిలో సమానం కాదు. మొదటి ఆరు నెలల్లో 5 శాతానికి మించిన పెరుగుదల ముందస్తు హెచ్చరిక.
• సగటు పెరుగుదలను ఉప్పు, పంచదార, నూనె, అన్నంలో చిన్న సవరింపులతో, పప్పు, కూరల పెంపుతో, నడకతో అదుపు చేయవచ్చు. అవి చాలనప్పుడు సాధనాన్ని మార్చుకోవడం స్త్రీ హక్కు. అది ఆమె ఓటమి కాదు.
• కొత్త సాధనం మొదలుకాకుండా పాతదాన్ని మానడమే అన్నింటికంటే ఎక్కువ నష్టం కలిగించే నిర్ణయం.

బరువు పెరుగుతుందన్న స్త్రీ మాటను వినడం, దానిలోని మూడు అర్థాలను ఆమెతో కలిసి విడదీయడం, ఆపైన నిర్ణయాన్ని ఆమెకే వదలడం ఆరోగ్యసిబ్బందికీ కుటుంబానికీ ఉండవలసిన బాధ్యత. అందుకు కావలసిన మాటలు తెలుగులో లేకపోలేదు. సామెత రూపంలో ఉన్న ఆ ఎరుకను ఆరోగ్యకేంద్రం దాకా తీసుకువెళ్ళడమే మిగిలిన పని.